పిల్ల ఖర్చు

"నీకు జీతమున్నది, ఆనికి లేదు. పిల్ల ఖర్చు నువ్వే కట్టు" అని ఊరి పంచాయితీలో శంకరయ్య పటేలు తేల్చాడు. మేడ్చల్‌లో మందుల కంపెనీలో మాత్రలు ప్యాక్ చేసే లైనుకు నేను సూపర్‌వైజర్‌ని. నా భర్త ప్రతాప్‌కు లాల్‌గడి మలక్‌పేట్‌లో భూమి ఉంది గానీ, కాగితాల మీద అది వాళ్లమ్మ సత్యమ్మది. ప్లాట్ల బేరాల్లో వచ్చే కమీషన్‌కు అసలు కాగితమే ఉండదు. కాబట్టి పెద్దమనుషుల ముందు అతను లేనివాడు, నేను ఉన్నదాన్ని. మేము విడిపోయాక మా నాలుగేళ్ల కూతురు అశ్రిత వాళ్ల దగ్గరే ఉండాలి, నెలకు ఎనిమిది వందలు నేనివ్వాలి, ఆదివారం పోయి చూసి రావచ్చు. అదీ తీర్పు. "రాత్రి డ్యూటీలు జేసేదానివి, పిల్లనెట్ల సాకుతవ్?" అన్నది సత్యమ్మ. అది రెండువేల సంవత్సరం.

అంతకుముందు ఆ ఇంట్లో ఆరేళ్లున్నాను. పాలు పితికి, అందరికీ వండి, కంపెనీ బస్సు ఎక్కేదాన్ని. జీతం కవరు విప్పకుండా అత్త చేతిలో పెట్టేదాన్ని. ఒకసారి జ్వరంతో లేవలేక, బర్రెల పనికి మనిషిని పెట్టుకుందామన్నాను. ప్రతాప్ నవ్వాడు. "నువ్వుండంగ మనిషెందుకు? దండుగ." అప్పుడు ఏడుపొచ్చింది. తర్వాత గుడ్ల వ్యాపారంలోకి వచ్చాక మాత్రం ఆ మాటను చల్లగా తిప్పి చూసుకున్నాను. బయటి మనిషి చేస్తే ధర ఉన్న పని, నేను చేస్తే ఊరికే వస్తుంది. ఊరికే వచ్చే సరుకును ఎవరూ వదులుకోరు. నేను వెళ్లిపోతానంటే వాళ్లకు కోపం వచ్చింది గానీ బాధ కలగకపోవడానికి కారణం అదేననుకుంటాను.

రెండువేల నాలుగులో కంపెనీ మూసేశారు. లెక్క తేల్చి కొంత డబ్బు చేతిలో పెట్టారు. నేను నేరుగా శంకరయ్య పటేలు దగ్గరికి పోయాను. "ఇగ రాత్రి డ్యూటీ లేదు పటేలా. పిల్లను నాకిప్పియ్యుండ్రి" అన్నాను.

"నౌకరి లేనిదానివి, ఏం పెట్టి సాకుతవ్ బిడ్డా?" అన్నాడు.

"మరి ఎనిమిది వందలు?"

"గది మాటైపాయె గద. మాట మాటే."

ఉద్యోగం ఉంటే తీరిక లేదు, పోతే డబ్బు లేదు. ఎటు చూసినా పిల్ల నాది కాదు, ఖర్చు మాత్రం నాది. అంతకుముందు ఒక నెల ఆలస్యమైతే "పిల్ల మేనత్తింటికి పోయింది" అని సత్యమ్మ తలుపు సగమే తెరిచింది. లోపలి నుంచి అశ్రిత దగ్గు వినిపిస్తూనే ఉంది. నేను కడుతున్నది పిల్ల తిండికి కాదనీ, ఆ గడప దాటడానికనీ ఆ రోజే తెలిసింది. అయినా కట్టాను. కట్టకపోతే ఆదివారం ఉండదు.

కంపెనీ ఇచ్చిన డబ్బుతో పాత టీవీఎస్ బండి కొన్నాను. శామీర్‌పేట చుట్టుపక్కల అన్నీ కోళ్ల ఫారాలే. పెంకు చిట్లినా లోపలి పొర చిరగని గుడ్లను వాళ్లు పక్కన పెట్టేస్తారు. వాటిని తక్కువకు కొని బేకరీలకూ హాస్టళ్లకూ వేస్తే మిగులుతుంది. పొద్దున కొన్నది సాయంత్రానికల్లా అమ్ముడుపోవాలి, అంతే. మొదటి ఫారం యజమాని "మీ ఆయనను పంపమ్మా, రేటు మాట్లాడుత" అన్నాడు.

"మా ఆయన గుడ్లు కొనడు, తింటడు" అన్నాను. నవ్వి రేటు చెప్పాడు.

రెండో ఎండాకాలం బేకరీల ఆర్డర్లు సగానికి పడిపోయాయి. చేతిలో నగదు ఆడలేదు. డబ్బుకు బదులు గుడ్లిస్తానని సత్యమ్మను అడిగాను. "పగిలిన గుడ్లకు పూరా రేటెవలిస్తరు? సగం రేటు కట్టుకో" అన్నది. ఒప్పుకున్నాను. రోజూ పొద్దున వాళ్ల అరుగు మీద ఒక ట్రే దించి పోయేదాన్ని. ముప్పై గుడ్లు. నలుగురున్న ఇల్లు.

"ఇన్ని ఎవరు తింటున్నరత్తా?"

"ఇచ్చినంక మావి. నీకెందుకు?"

మే నెలలో ఒక మధ్యాహ్నం, కొత్త బేరం వెతుక్కుంటూ ఆ ఊరి చివరి కల్లు దుకాణానికి పోయాను. ఎండాకాలం కల్లు బాగా పోతుంది, పక్కన నంజుకోవడానికి గుడ్లు కావాలి గదా అని. ఈ ఏడే వేరే ఊరి నుంచి వచ్చి దుకాణం పట్టిన సిద్దిరాములుకు నేనెవరో తెలియదు. తల అడ్డంగా ఊపాడు.

"లేట్ జేసినవమ్మా. మాకు ఒక పోరి తెస్తది. ఉడకబెట్టి, ఉప్పు కారం జల్లి. ఒక్కటి మిగలది."

"ఎవరి పిల్ల?"

"ప్రతాప్ బిడ్డ. తల్లి లేదు."

"సచ్చిపోయిందా?"

"ఎల్లిపోయిందట. మనకెందుకు తియ్."

అంతలో అశ్రిత వచ్చింది. తల మీద స్టీలు గిన్నె, చేతిలో కారం డబ్బా. పదేళ్లు. "ఏ పోరీ, జర కారం దండిగ ఎయ్యి" అని ఒకడు అరిచాడు. "ముందుగాల నిన్నటి పైసలియ్యి" అన్నది. అప్పుడు నన్ను చూసింది.

"అమ్మా, నువ్వు గూడ అమ్మనీకే వచ్చినవా? ఇక్కడ నేనే అమ్ముత. నువ్వు వేరే ఊరు చూస్కో."

నవ్వొచ్చింది. తర్వాత దాని వేళ్లు చూశాను. వేడివేడిగా పొట్టు ఒలిచి ఒలిచి కొసలు బొబ్బలెక్కాయి.

"ఎవరు ఉడకబెడ్తరు?"

"నేనే. నీళ్లల్ల ఉప్పేస్తే తెల్లసొన బయటికి రాదు."

"పైసలో?"

"నాయనమ్మకిస్త. నాకు పుల్ల ఐస్ కొనిస్తది. గుడ్లు మిగిలితే అది గూడ లేదు."

గిన్నెలో ఉన్నవన్నీ నేనే కొన్నాను. నా గుడ్లను, నా డబ్బుతో. అశ్రిత లెక్కపెట్టి చిల్లర ఇచ్చింది. గిన్నెను, పిల్లను బండి మీద ఎక్కించుకొని వాళ్లింటికి పోయాను.

"పిల్ల బట్టలు సర్దుండ్రి" అన్నాను.

సత్యమ్మ గయ్యిమంది. "ఇంటి పిల్ల ఇంటి పని జెయ్యదా? ఇన్నేండ్లు సాకింది మేము గాదా?"

"ఎవరు సాకుతున్నరత్తా? గుడ్లు నావి. కష్టం పిల్లది. ఉప్పొక్కటే మీది."

ప్రతాప్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. "పెద్దమనుషుల మాట కాదంటవా? పైసలు కట్టుడు నీ వంతు, పిల్లనెట్ల తీస్కపోతవ్?"

నేను లోపలికి పోయి, దండెం మీదున్న అశ్రిత గౌన్లు తీసి సంచిలో వేసుకున్నాను. ఎవరూ అడ్డం రాలేదు. నన్ను అడ్డుకుంటే రేపటి ట్రే ఆగిపోతుందని వాళ్ల లెక్క కావచ్చు. అశ్రిత అప్పటికే బండి ఎక్కి కూర్చుంది.

"పెద్దమనుషుల మాట నేనెందుకు కాదంట? పైసలు కట్టెటోళ్లు ఆదివారం వచ్చి పిల్లను చూసి పోవాలె. ఎనిమిది వందలు పట్కొని ఆదివారం రా, ప్రతాప్."