ఒళ్ళో బిడ్డతో కంచు తల్లి

ఆ బొమ్మ జానెడు కూడా లేదు. ఒక తల్లి నిటారుగా కూర్చుని ఒళ్ళోని బిడ్డకు పాలివ్వబోతోంది. తలమీద ఆవు కొమ్ములు, కొమ్ముల నడుమ సూర్యబింబం. ఏ కాలంనుంచో మట్టిలో పడుకుని లేచినందుకు బిడ్డ భుజమంతా పచ్చగా చిలుము పట్టింది. మ్యూజియం వెనక గదిలో అక్క కొన్నాళ్ళుగా ఆ చిలుముతోనే కాపురం చేస్తోంది. భూతద్దం కింద, పుల్లకు చుట్టిన దూదితో, ఊపిరి బిగబట్టి గింజంత మేర శుభ్రం చేసేసరికి పూట గడిచిపోయేది. తోటివాళ్ళు ఆమెను బొమ్మల డాక్టరమ్మ అనేవారు. ఎత్తయిన కిటికీల్లోంచి దిగే వెలుతురులో దుమ్ము మెల్లగా తేలుతుంటే ఆ గది నీళ్ళ అడుగున ఉన్నట్టుండేది.

తమ్ముడిది ముందు హాలు. వచ్చినవాళ్ళను తిప్పి చూపిస్తూ, వస్తువుల వెనక కథలు చెప్పడం అతని పని. మాటకారి. వాళ్ళ నాన్న పాస్టరు. జలప్రళయం వచ్చినప్పుడు నోవహు ఓడలోకి చేపల్ని కూడా ఎక్కించాడా అని చిన్నప్పుడు సండే స్కూల్లో అడిగిన దగ్గర్నుంచి, నాన్న అతన్ని ప్రశ్నార్థకం అని పిలిచేవాడు. ఆ పిలుపులో ముద్దే ఎక్కువ ఉండేది, అమ్మ పోయేదాకా.

ఈజిప్టు వస్తువుల ప్రదర్శన మొదలైంది. కంచు తల్లి ఇంకా బాగవలేదు కనుక హాల్లో ఆమె పెద్ద ఫోటో పెట్టారు. తమ్ముడు దాని ముందు జనాన్ని ఆపాడు.

"ఈవిడ ఐసిస్. ఒళ్ళో ఉన్నవాడు హోరస్. ఎక్కడో చూసినట్టు లేదూ? ఇతను కన్యకి పుట్టాడు, డిసెంబరు ఇరవై అయిదున. పన్నెండు మంది శిష్యులు. సిలువ వేశారు, మూడో రోజున లేచాడు. చర్చిలో మనం వినేది ఈ పాత కథే. పేర్లు మారాయంతే."

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో నాన్న చర్చి సంఘంవాళ్ళు ఇద్దరున్నారు. తమ్ముడు ఇల్లు చేరేలోపే మాట ఇల్లు చేరింది.

నాన్న కేకలు వెయ్యలేదు. కొడుకుతో మాట్లాడటం మానేశాడు.

"మీ తమ్ముణ్ణి అడుగమ్మా, కూర ఇంకా కావాలేమో" అన్నాడు భోజనాల దగ్గర.

"వద్దని చెప్పక్కా" అన్నాడు తమ్ముడు, చేతికందే దూరంలో కూర్చుని.

"నేనేమన్నా పోస్టాఫీసునా?" అంది అక్క.

ఎవరూ నవ్వలేదు. ఈ మౌనం అసలు ఈజిప్టు గురించి కాదని ఆమెకు తెలుసు. అమ్మను పూడ్చిపెట్టిన రోజున నాన్నే నిలబడి, చనిపోయినవాళ్ళు తిరిగి లేస్తారనే పునరుత్థానపు వాక్యం చదివాడు. గొంతు ఒక్కచోట కూడా తడబడలేదు. ఆ రోజునుంచి తమ్ముడు చర్చి గడప తొక్కలేదు. "ఆయనకి కన్నీళ్ళు రాలేదక్కా. వాక్యం వచ్చింది" అన్నాడొకసారి, గోడవైపు తిరిగి.

తమ్ముడి మాటలు జనానికి నచ్చాయని, వాటిని గోడమీద బోర్డులుగా రాయిద్దామని మ్యూజియం పెద్దావిడ అనుకుంది. "ఏ సంగతి ఏ పాత రాతలో ఉందో పక్కన రాసివ్వు, చాలు" అంది. అదెంత పనిలే అనుకుని అతను లైబ్రరీలో కూర్చున్నాడు. సాయంత్రాలు అక్క కూడా వెళ్ళి ఎదురుగా కూర్చునేది. పుస్తకాల్లో రెల్లు తోటలు, పడవలు, పక్షి తలల దేవుళ్ళు. చదువుతూ చదువుతూ ఆమెకు కునుకు పట్టేది. కునుకులో గోధుమరంగు నది ఒకటి బల్లకిందుగా చప్పుడు లేకుండా పారుతూ ఉండేది.

ఒక సాయంత్రం తమ్ముడు పుస్తకం మూసేశాడు.

"పన్నెండు మంది శిష్యులు ఎక్కడా లేరక్కా. సిలువ లేదు. డిసెంబరు లేదు. కన్య కూడా కాదు, ఆవిడకి మొగుడున్నాడు. ఒకడు రాసింది ఇంకొకడు ఎత్తి రాశాడు, నేను నోటితో ఎత్తిపోశాను."

"మరి ఏం మిగిలింది?"

"చనిపోయి అవతలి లోకానికి రాజైన మొగుడు. బిడ్డని దాచిపెట్టి పెంచిన తల్లి. మరియమ్మ బొమ్మలు గీసినవాళ్ళకి ఈవిడ కూర్చున్న తీరు గుర్తుండి ఉండొచ్చని కొందరంటారు. అదీ తేలని సంగతే." పుస్తకాన్ని పక్కకి నెట్టి అన్నాడు, "నాన్నని నొప్పించాలని ఎంత తొందరపడ్డాన్రా బాబూ అనిపిస్తోంది."

ఆ మర్నాడే, ఎండ కిటికీ దిగుతున్న వేళ, నాన్న చెప్పాపెట్టకుండా వెనక గదికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు.

"ఎవరో చెప్పింది విని కోపం తెచ్చుకోవడం మర్యాద కాదనిపించింది. ఏదమ్మా ఆవిడ?"

అక్క కుర్చీ జరిపి దీపం వెలిగించింది. నాన్న భూతద్దంలోకి వంగాడు. చాలాసేపు లేవలేదు. అక్క తన పని చూసుకుంటూ ఉండిపోయింది. గది నిండా వెచ్చటి వెలుతురు, దూరంగా ఏదో పంపు శబ్దం. ఆయన నిద్రపోయాడేమో అనుకుంది.

"మీ అమ్మ కుట్టుమిషను మీద మరియమ్మ బొమ్మ పెట్టుకునేది" అన్నాడు ఉన్నట్టుండి. "మనకి బొమ్మలెందుకే అని సణిగేవాణ్ణి. బిడ్డని పట్టుకున్న చెయ్యి చూడండి, ఎత్తుకోవడం తెలిసినవాళ్ళే గీశారు అనేది. ఇదీ అలాగే ఉంది." తల ఎత్తాడు. "మీ తమ్ముణ్ణి పిలు. పోలికలు వద్దను. కథ చెప్పమను, మొదట్నుంచి."

తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నాన్న స్టూలు చూపించాడు. అతను కూర్చుని, హాల్లో చెప్పే గొంతుతో కాకుండా, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"ఒసిరిస్ అని మంచి రాజు. సొంత తమ్ముడే ఓర్వలేక చంపేశాడు. ముక్కలు చేసి నది పొడుగునా విసిరేశాడు. ఆయన భార్య ఐసిస్ వెతుకుతూ పోయింది. రెల్లు దుబ్బుల్లో, ఇసకలో, ఒక్కొక్కటే ఏరింది. అన్నీ కలిపి గుడ్డతో చుట్టింది. అయినా ఊపిరి లేదు. అప్పుడు గద్దగా మారి, ఆయన మీద నిలిచి, రెక్కలతో విసిరింది. ఆ గాలే ఊపిరి అవుతుందని."

"అయిందా?"

"అయింది. కాసేపే. ఆయన కళ్ళు తెరిచాడు, కానీ ఇక్కడ ఉండలేదు. అవతలి లోకానికి వెళ్ళిపోయాడు. ఈవిడకి బిడ్డ మిగిలాడు."

నాన్న కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"ఆస్పత్రిలో ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది" అన్నాడు. "మీరిద్దరూ మందులకని వెళ్ళారు. మీ అమ్మకి గాలి ఆడట్లేదు. నా చేతిలో పాటల పుస్తకం ఉంది. దాంతో విసిరాను. ఎంతసేపు విసిరానో తెలీదు. నర్సు వచ్చి, ఇక చాలు అయ్యగారూ, అని చెయ్యి పట్టుకుంది. మీ అమ్మ పోయాక కూడా విసురుతూనే ఉన్నానట."

వెలుతురులో దుమ్ము కూడా నిలిచిపోయినట్టయింది అక్కకు.

"సమాధి దగ్గర నా గొంతు వణకలేదని నీకు కోపం. వణికితే ఆ వాక్యం పూర్తయ్యేది కాదురా. పూర్తి చెయ్యకుండా ఆవిణ్ణి అక్కడ ఎలా వదిలి రాను?"

తమ్ముడు స్టూలు మీదనుంచి లేచి, ఏం చెయ్యాలో తెలియక, నాన్న జారవిడిచిన గొడుగు తీసి పట్టుకున్నాడు. తర్వాత దాన్ని వదిలేసి ఆయన భుజం మీద తల ఆనించాడు. నాన్న అతని వీపు నిమురుతూ బొమ్మవైపే చూస్తున్నాడు.

"నా ప్రభువు వేరు, ఈవిడ వేరు. అందులో నేను మారను" అన్నాడు కొంతసేపటికి. "కానీ ఈవిడ పడ్డ పాటు నాకు తెలుసు."

ఆ ఆదివారం కంచు తల్లి అద్దాల పెట్టెలోకి చేరింది. తమ్ముడు దాని పక్కన నిలబడి, ఇంతకుముందు తను చెప్పిన వాటిలో చాలావాటికి ఆధారం లేదని, సరిచూసుకోకుండా చెప్పానని జనం ముందు ఒప్పుకున్నాడు. కొందరు నిరుత్సాహంగా పక్క గదికి నడిచారు. వెనక వరసలోంచి ఒక పెద్దాయన అడిగాడు.

"మరి ఏ పోలికా లేదంటావా, బాబూ?"

"ఉంది నాన్నా" అన్నాడు తమ్ముడు, నోరు జారి. జనం వెనక్కి తిరిగి పాస్టరుగారిని చూశారు. "చనిపోయినవాళ్ళని చనిపోయారని వదిలెయ్యలేకపోవడం. అది ఎవరూ ఎవరి దగ్గరా కాపీ కొట్టాల్సిన అవసరం లేదు."

సంఘంలో ఇద్దరు ముగ్గురు పాస్టరుగారు విగ్రహాల ఇంటికి వెళ్ళారని గొణిగారు. ఆయన పట్టించుకోలేదు. తమ్ముడు తిరిగి చర్చికి రావడమూ మొదలుపెట్టలేదు, ఆయన అడగనూ లేదు.

మ్యూజియం మూసే వేళకు ముగ్గురూ బయటికి వచ్చారు. చినుకులు ఆగి, వీధి దీపాల చుట్టూ తెల్లటి పొగమంచు అల్లుకుంటోంది. ముందు నడుస్తున్న తండ్రీకొడుకులు అప్పుడే వాదన అందుకున్నారు. గద్ద రెక్కల గాలికి ఊపిరి వస్తుందా అని ఆయన, ప్రభువు సమాధి రాయి దొర్లితే వస్తుందా అని ఇతను. గొంతులు పెద్దవవుతున్నాయి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే ఉన్నారు. అక్క నాలుగడుగులు వెనకబడి, వాళ్ళ మాటలు మంచులో కలిసిపోతుంటే వింటూ నడిచింది.