పండగ ముందు రోజు మూడు సినిమాలు

"బజారుకెళ్ళి నాలుగు వస్తువులు తేవడానికి ఇంత హడావుడి దేనికోయ్?" అన్నాడు మా ఆయన తెసొప్, పళ్ళు తోముకుంటూ.

కొరియాలో పెద్దలకి పెట్టుకునే ఛూసోక్ పండగకి ముందు రోజు పొద్దున్న. చక్రాల సంచీ పక్కన పెట్టుకుని చీటీ సరిచూసుకుంటున్నాను. ఆయన తాతముత్తాతల ముందు పెట్టాల్సినవి: తల విరగని ఎండు చేప, బేసి సంఖ్యలో బేరిపళ్ళు, ఆకుకూరలు, దుంపలు, అట్లకి పిండి. ఇరవై ఆరేళ్ళుగా ఏటా ఇదే చీటీ, ఆయన నోట ఇదే మాట. బడి వంటశాలలో రోజూ మూడు వందల మంది పిల్లలకి వండి ఇంటికొచ్చే మనిషిని నేను. "మీకు పండగ వంటొక లెక్కా, చెయ్యి తిరిగినవారు!" అని అక్కడి టీచర్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. చీటీ తీసి ఆయన జేబులో పెట్టాను.

"నాలుగే కదా. మీరు వెళ్ళిరండి."

నోట్లో బ్రష్షుతో అలాగే నిలబడిపోయాడు పాపం.

పండగ సెలవుల్లో టీవీలో వరసగా మూడు పాత సినిమాలు వేస్తారు, అన్నీ నలుపు తెలుపువి. ఏటా ఆ ప్రకటన చూసి మురిసిపోవడమే గాని ఒక్కటీ చూసిన పాపాన పోలేదు. వంటింట్లో నూనె చిటపటల మధ్య మాటలు వినపడేవి, మొహాలు కనపడేవి కావు. వెక్కి వెక్కి ఏడుస్తున్నది హీరోయినో, ఉల్లిపాయలు తరుగుతున్న నేనో తెలిసేది కాదు. ఆ రోజు కింది గొట్టాలతో వెచ్చబడే నేల మీద దుప్పటి పరుచుకుని, ఒక దిండు వీపుకి, ఇంకో దిండు ఒళ్ళోకి పెట్టుకుని దర్జాగా కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అంత హాయిగా ఉండడం నాకు చేతనవుతుందనే మర్చిపోయాను.

ఫోను మోగింది. "మిరాన్, ఇది దొరాజి దుంపా, అల్లమా?"

"కొరికి చూడండి. చేదుగా ఉంటే దొరాజి."

మళ్ళీ మోగింది. "చేప తల కొంచెం విరిగింది. పర్లేదా?"

"మీ ముత్తాతగారిని అడగండి." ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పడేశాను.

రెండో సినిమా మంచి పట్టులో ఉండగా ఎవరో నంబర్లు నొక్కుతుంటే తలుపు తాళం కీచుకీచుమంది. మా తాళం నంబరు తెలిసిన మూడో మనిషి మా అత్తగారే. డెబ్భై తొమ్మిదేళ్ళావిడ, ఊరి నుంచి నువ్వుల నూనె సీసాలతో దిగింది. వాసన చూసింది. ఇంట్లో ఏ వాసనా లేదు.

"పొయ్యి ముట్టించలేదేం?"

"మీ అబ్బాయి బజారుకెళ్ళారు, అత్తయ్యా. నేను సినిమా చూస్తున్నాను."

అనైతే అన్నాను గాని, ఆవిడ "లే" అంటే లేస్తాను. ఆ సంగతి నాకు తెలుసు. లేచానంటే ఇంకో ఇరవై ఆరేళ్ళు ఇంతే, అదీ తెలుసు.

ఆవిడ నా వైపు చూడలేదు. తెర మీద వానలో తడుస్తున్న హీరో వైపు చూసింది.

"ఓరి, వీడా! వీడి కోసం మా ఊరి ఆడపిల్లలంతా అన్నాలు మానేశారే! కాస్త జరుగు."

జరిగాను. కాసేపటికి సినిమాలో అత్త కోడలి జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చింది. "చూడు దాన్ని, ఎంత గయ్యాళిదో! దాని నోట్లో మన్నుపడ!" అని మా అత్తగారు తెరకి వేలు చూపించి తిట్టింది. నేను ఆవిడ వైపు చూశాను, ఆవిడ నా వైపు చూసింది. ఇద్దరం కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేలా నవ్వాం.

ఆ నవ్వుల్లోనే మా ఆయన వచ్చాడు, చెమటలు కక్కుకుంటూ. సంచీలోంచి గర్వంగా ఒక పెట్టె తీశాడు. పీచ్ పళ్ళు! "వాసన చూడండి, బజారులో ఇంతకన్నా మంచివి లేవు."

పెద్దల ముందు ఏ పండైనా పెట్టవచ్చుగాని పీచ్ పెట్టకూడదు. ఆ వాసనకి పోయినవాళ్ళు పారిపోతారంటారు. పుట్టినప్పటి నుంచీ ఏటా పెద్దలకి నైవేద్యం పెట్టే బల్ల ముందు సాగిలపడే మనిషికి దాని మీద ఏ పళ్ళుంటాయో తెలియదు!

మా అత్తగారు ఒక పండు తీసి, లంగాకి తుడిచి, కసుక్కున కొరికింది.

"అత్తయ్యా, పెద్దలు గుమ్మం తొక్కరేమో!"

"తొక్కకపోతే మానె. వాళ్ళకీ ఒక ఏడాది సెలవు."

ఆయనకేం అర్థం కాలేదు. "సరే, మిరాన్, ఇంక లే. వంట మొదలుపెట్టాలి కదా," అన్నాడు.

తెర మీద మూడో సినిమా పేర్లు పడుతున్నాయి. నా మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. జిగురు జిగురుగా ఉన్న చేత్తో మా అత్తగారు నా మోకాలు నొక్కిపట్టింది.

"ఒరేయ్, నేను యూన్ వాళ్ళ పిల్లని. ఇది సో వాళ్ళ పిల్ల. పెళ్ళిళ్ళయి ఇన్నేళ్ళయినా మా ఇంటిపేర్లు మాకే ఉన్నాయి. ఈ ఇంట్లో బే వాడివి నువ్వొక్కడివే. నీ తాతలకి నువ్వు వండుకో."

ఆయన సంచీ లాక్కుంటూ వంటింట్లోకి వెళ్ళాడు. అరలు తెరిచి మూస్తున్న చప్పుడు.

"పెనం ఎక్కడుందోయ్?"

ఎక్కడుందో నాకు తెలుసు. చెప్పలేదు.