సన్నకుట్టు

పదకొండో ప్యాంటు అంచు మడిచి సూది కింద పెట్టేసరికి గోడగడియారం పదిన్నర చూపిస్తోంది. ఆమె అంచును టేపుతో కొలవదు. బొటనవేలి గోరుతో గుడ్డ మీద ఒక గీత గీస్తుంది, గీత వెంట మడుస్తుంది, పాదం దించి తొక్కుతుంది. తొక్కినప్పుడల్లా కటుక్కుమని ఒక చప్పుడు. అది మెషీనుదో ఆమె మోకాలిదో పక్కన కూర్చుని గుండీలు కుట్టే ఆమెకు ఇన్నేళ్ళయినా తేలలేదు.

బట్టలు సరిచేసే ఆ దుకాణం ఒకే ఒక పొడుగాటి గది. రెండు మెషీన్లు, ఒక ఇస్త్రీ బల్ల, కొక్కేలకు వేలాడే కోట్లు, వీధి వైపు ఒక కిటికీ. కిటికీ పక్క మెషీను ఇరవయ్యేడేళ్ళుగా ఆమెదే. కుర్చీ మీది దిండు ఆమె కూర్చునే తీరుకు ఎంతగా అణిగిపోయిందంటే, ఇంకెవరు కూర్చున్నా ఎడమ పక్కకు ఒరిగిపోతారు. యాభై ఎనిమిదేళ్ళ సన్నటి మనిషి. మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. ఎడమ చూపుడు వేలి గోట్లో ఎప్పుడో సూది దిగిన మచ్చ ఒకటి. జుట్టులో రోజుకో రంగు దారప్పోగు చిక్కుకుని కనిపిస్తుంది.

అందరూ ఆమెను సన్నకుట్టు అంటారు. మెషీను పక్కన కుట్టు నిడివి మార్చే ఇనుప మీట ఉంటుంది, దాని వెంట ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి వారంలో ఆమె మీటను రెండు మీద పెట్టింది. మళ్ళీ ముట్టుకోలేదు. అంగుళానికి పద్నాలుగు కుట్లు. పెద్ద కుట్లు వేసేవాళ్ళంటే ఆమెకు చిన్నచూపు. పైకి ఒక్క మాట అనదు గానీ మూతి ముడుస్తుంది.

“నీ కుట్టు విప్పేలోపు నా కళ్ళజోడు మార్చుకోవాల్సొస్తుందే తల్లీ” అంటుంది గుండీలామె.

ఆ మాటకు ఆమె నవ్వదు. కానీ ఆ పూటంతా ముఖం విప్పారి ఉంటుంది. ఆమెకంటూ దక్కిన పేరు అదొక్కటే మరి.

ఆ రోజు పొద్దున ఆమె చేతిసంచితో పాటు ఒక తెల్లటి చుట్టను చంకలో పెట్టుకుని వచ్చింది. అది తమ్ముడి వీపుసంచి.

తమ్ముడు లిఫ్టులు బాగుచేసేవాడు. అక్కా పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడూ చేసుకోలేదు. రెండు గదుల ఇంట్లో ఒకరికొకరు తోడుగా ఉండిపోయారు. వారమంతా ఇనుప తాళ్ళ మధ్య నూనె చేతులతో వేలాడి, సెలవు దొరికితే చాలు కొండలు పట్టుకుని పోయేవాడు. వీపు మీద బరువు తగ్గించడం వాడికి పెద్ద పిచ్చి. ఒకసారి పళ్ళు తోముకునే బ్రష్షు పిడిని రంపంతో సగానికి కోశాడు. “మరి పళ్ళు కూడా సగమే తోముకుంటావా?” అని ఆమె అడిగితే పడీపడీ నవ్వాడు.

ఒకనాడు ఎక్కడో కడుతున్న ఇంటి దగ్గర మిగిలిపోయిన తెల్లషీటు చుట్ట తెచ్చాడు. చెక్కగోడల్లోకి వాన దిగకుండా లోపల చుట్టే షీటు అది. చూడబోతే కాగితం. చేత్తో లాగితే చినగదు, నీళ్ళు పీల్చదు, బరువన్న మాటే లేదు. కొన్న సంచి ఖాళీగానే కిలోన్నర తూగుతుంది, దీనితో కుడితే పావుకిలో కూడా ఉండదని వాడి లెక్క. పెళపెళమంటుంటే సబ్బు లేకుండా చన్నీళ్ళలో మూడుసార్లు ఉతికి మెత్తబరిచాడు. ఆమె అలవాటు చొప్పున మడత మీద ఇస్త్రీపెట్టె ఆనించేసరికి ఆ మూల మీగడలా ముడుచుకుపోయింది. ఆ ముక్క కోసి పారేశారు. వాడు నేల మీద బోర్లా పడుకుని పెన్సిలుతో గీతలు గీస్తే, ఆమె రెండు ఆదివారాలు దుకాణంలో తన మెషీను దగ్గరే కూర్చుని కుట్టింది.

“అక్కా, దీనికి పెద్ద కుట్టు వెయ్యాలట” అన్నాడు వాడు మధ్యలో.

“ఎవరట? ఆ ఎవరో వచ్చి నాకు కుట్టు నేర్పుతారా?”

వాడు ఇంక ఆ మాట ఎత్తలేదు.

నడిచి పోయిరావడానికి అయిదు రోజులు పట్టే దారి అది. కొండ కొసన ఒక రాతిగది ఉంటుంది, రాత్రి అక్కడ పడుకుని తెల్లారి రెండు వైపులా లోయల్ని చూడాలని వాడు ఎన్నేళ్ళుగానో కలవరించేవాడు. ఆ సంచి వేసుకుని స్నేహితులతో బయల్దేరి, రెండో రోజు సాయంత్రానికే తడిసిన బట్టలతో ఒక్కడే ఇంటికి తిరిగొచ్చాడు. ముళ్ళకంపకు తగులుకుని పట్టీ చినిగిందన్నాడు. వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు. మరుసటి నెలలో జబ్బు బయటపడింది. వచ్చే ఏడు రాలేదు. వాడు పోయి ఎనిమిది నెలలైంది.

వాడితో కలిసి పనిచేసిన స్నేహితుణ్ణి అందరూ పొడుగోడు అంటారు. రేపు పొద్దుటి బస్సుకు మళ్ళీ ఆ రాతిగదికే బయల్దేరుతున్నాడు. మొన్న ఇంటికొచ్చి, “ముల్లు గీసిన చోట రెండు కుట్లేసి ఆ సంచి నాకివ్వక్కా, వాడి బదులు దాన్నయినా పైదాకా తీసుకెళ్తా” అన్నాడు. ఈ రోజు దాకా ఆమె ఆ చుట్ట విప్పి చూడనేలేదు. విప్పితే వాడి వాసన పోతుందని భయం.

మధ్యాహ్నం గుండీలామె అన్నం గిన్నె తెరిచింది. సన్నకుట్టు తన చుట్ట విప్పింది.

ఇరవయ్యేడేళ్ళుగా చిరుగులు చూసిన కళ్ళవి. మేకు తగిలిందా, కుక్క పీకిందా, మనిషి లావెక్కి పిగిలిందా, చూడగానే చెప్పేస్తుంది. ముల్లు తగిలితే ఒక చోట పొడుచుకుని వంకరటింకరగా గీరుకుపోతుంది. ఇక్కడ అలాంటిదేం లేదు. భుజం పట్టీ కుట్టిన గీత వెంటే, పై నుంచి కింది దాకా, స్కేలు పెట్టినట్టు చినిగింది. అంచు పొడవునా చిన్న చిన్న పళ్ళు, తపాలా బిళ్ళకు ఉన్నట్టు.

గుడ్డయితే సూది దిగినప్పుడు పోగులు పక్కకు జరిగి చోటిస్తాయి. షీటులో పోగులు లేవు. సూది పొడిచిన ప్రతి చోటా బెజ్జం బెజ్జంలాగే ఉండిపోతుంది. అంగుళానికి పద్నాలుగు బెజ్జాలు పక్కపక్కనే పొడిస్తే అది కుట్టు కాదు, చించుకోవడానికి వేసిన గీత. రెండో పట్టీ కూడా సగం విడిపోయి ఉంది.

ఆమె ఆ పళ్ళ అంచును గోరుతో కొస దాకా తడిమింది. ఆ ముల్లు తనే. వాడికి తెలుసు. తెలిసే, ఆస్పత్రి మంచం మీద కూడా నర్సుతో, “మా అక్క కుట్టు ఊడదండీ, ముల్లు తగలబట్టి గానీ” అని చెప్పాడు. అప్పుడు ఆమె పక్కనే నిలబడి గర్వపడింది కూడా.

“ఏమైందే, అలా అయిపోయావ్?” అంది గుండీలామె.

“ఏం లేదు. చిరుగు పెద్దది.”

అన్నం ముట్టలేదు. మీట మీద చెయ్యి వేసి కిందికి లాగింది. కదల్లేదు. నూనె చుక్కలు వేసి, కాసేపాగి, కత్తెర పిడితో మెల్లగా తట్టింది. గుండీలామె నమలడం ఆపి చూసింది. ఆరోసారి తట్టినప్పుడు మీట కిర్రుమని మూడు దాటి, నాలుగు దాటి, అయిదు మీద ఆగింది. తుక్కుముక్క మీద ఒక వరస కుట్టి చూసుకుంది. కుట్లు గంతులేస్తూ పోయాయి. ఆమె కళ్ళకు అవి మొరటుగా కనిపించాయి, అయినా మూతి ముడవలేదు.

పాత గీత మీద మళ్ళీ కుట్టడానికి లేదు. బెజ్జాలు పడిన అంచంతా వేలెడు వెడల్పున కత్తిరించి పడేసింది. కొత్త అంచును మూడు మడతలు వేసి, మడతలో ప్యాంటు నడుముకు వేసే గట్టి నాడా పెట్టి, దాని మీద పెద్ద కుట్టు వేసింది. రెండో పట్టీకీ అలాగే. సంచి కొంచెం చిన్నదైంది. దుకాణంలో ఉన్న రెండు ఇస్త్రీపెట్టెలూ, గుండీల డబ్బా అందులో పడేసి కోట్ల కొక్కేనికి తగిలించింది. ప్యాంట్లు కుడుతున్నంతసేపూ చూపు దాని మీదే ఉంది. ఆ ప్యాంట్లు మాత్రం పక్క మెషీను మీద కుట్టింది. మూడు గంటలు గడిచినా ఒక్క కుట్టు సాగలేదు.

అప్పుడు సంచి దించి వీపుకు తగిలించుకుంది. పట్టీలు తమ్ముడి కొలతవి, నడుము కిందికి జారాయి. కొలత చూసుకుని నాలుగంగుళాలు లోపలికి మడిచి కుట్టేసింది.

అయిదింటికి పొడుగోడు వచ్చి గుమ్మంలో వంగి నిలబడ్డాడు.

“చినిగింది ముల్లుకేనట్రా?” అందామె తలెత్తకుండా.

“ముల్లనే చెప్పమన్నాడక్కా” అన్నాడు వాడు. “వాగు దాటుతుంటే పట్టీ ఊడింది. సంచి నీళ్ళలో పడి కప్పుకునేవన్నీ తడిసిపోయాయి. పైన చలికి అలా ఉండలేం. మమ్మల్ని పొమ్మని వాడొక్కడే వెనక్కి తిరిగాడు.”

“నన్ను తిట్టుకున్నాడా?”

“లేదక్కా. ఒకటే నవ్వు. చూడ్రా మా అక్క పనితనం, చినగడం కూడా గీత తప్పలేదు అన్నాడు.”

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. తుడిచిందే తుడిచింది. గుండీలామె ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

“పొద్దున బస్సెన్నింటికి?”

“ఆరింటికి. సంచి ఇస్తే...”

“ఇవ్వను. నేనే మోస్తా.”

“నువ్వా? మోకాళ్ళు నొప్పులంటావు గదక్కా, ఎక్కగలవా?”

“మెల్లగా ఎక్కుతా. మీకు ఆలస్యమైతే ముందు పోండి. దారి ఎటూ కాదనదు గదా.”

లోపలి బల్ల దగ్గర రసీదులు చూసుకుంటున్న యజమాని తలెత్తాడు. ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“రేపట్నుంచి అయిదు రోజులు రాను సార్.”

“అడుగుతున్నావా, చెప్తున్నావా?”

ఆమె ఒక క్షణం ఆలోచించింది. “చెప్తున్నా సార్.”

“ఎంత పనుందో చూస్తున్నావు గదమ్మా. రెండ్రోజులైతే సర్దుకుంటా. మూడోరోజుకి ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టాల్సొస్తుంది.”

“కూర్చోబెట్టండి” అందామె. “దిండు మాత్రం మార్పించండి, ఎడమకి ఒరుగుతారు.”

కత్తెర, సూదులపెట్టె చేతిసంచిలో వేసుకుంది. పోతూ పోతూ అలవాటుగా మెషీను మీద ముసుగు కప్పబోయింది. చెయ్యి మీట దాకా వెళ్ళింది, దాన్ని రెండు మీదికి తోయడానికే వెళ్ళింది. అక్కడ ఆగింది. తర్వాత ముసుగు మాత్రం కప్పి, గుండీలామె భుజం ఒకసారి నొక్కి, తెల్లసంచి వీపున వేసుకుని వీధిలోకి దిగింది.

మూడో రోజు ఆ కుర్చీలో కొత్తామె కూర్చుంది. కూర్చోగానే ఎడమకు ఒరిగి, సర్దుకుని, తుక్కుముక్క మీద ఒక వరస కుట్టి చూసింది.

“ఇదేం కుట్టమ్మా, ఇంత పెద్దదా!” అంటూ మీట మీదికి చెయ్యి చాచింది.

“ఈ పూటకి నా మెషీను మీద కుట్టుకో” అంది గుండీలామె పెదాల మధ్య సూదితోనే. “దాన్ని మాత్రం ముట్టుకోకు.”

రెండో అంకె దగ్గర ఇన్నేళ్ళూ మీట ఆగిన చోట తుప్పు సన్నటి గీతలా మిగిలి ఉంది. మీట అయిదు మీద, ఇంకా ఆరని నూనెచుక్కతో, కిందికి వాలి ఉంది.