సత్తయ్య తుపాకి అమ్మకం

మొగుణ్ని తుపాకి అమ్మడానికి ఒప్పించేసరికి చంద్రమ్మకు తల ప్రాణం తోకకు వచ్చింది. నెల రోజులు పోరింది. రెండు రోజులు పొయ్యి ముట్టించలేదు. చివరికి బట్టలు మూట గట్టుకుని వాకిట్లో కూర్చుంది.

"అది అమ్ముతవా, నన్ను తల్లిగారింటికి పొమ్మంటవా? ఏదో ఒకటి చెప్పు."

అప్పటికిగానీ సత్తయ్య మంచం దిగలేదు.

ఆమె పోరుకు కారణం ఉంది. ఎయిర్‌పోర్టుకు భూమి పోగా అన్నదమ్ములిద్దరికీ కలిపి మిగిలింది మూడెకరాలు. ఆ మూడెకరాల నడుమ హద్దు గెట్టు దగ్గర సత్తయ్యకూ తమ్ముడు పెంటయ్యకూ చెడింది. నువ్వు జరిపావంటే నువ్వు జరిపావని ఆరేళ్లుగా మాటల్లేవు. ఈమధ్య సత్తయ్య కల్లు తాగి వచ్చిన రోజున గోడకున్న డబుల్ బ్యారెల్ దించుకుని పోయి గెట్టు మీద కూర్చుంటున్నాడు. ఎందుకంటే అడవి పందులొస్తున్నాయట! నెత్తి మీద విమానాలు దిగుతుంటే, గింజ లేని చేలోకి ఏ పంది వస్తుంది? ఏదో ఒక పూట కోపంలో తమ్ముణ్ని కాలుస్తాడు, జైలుకు పోతాడు. చంద్రమ్మకు కళ్లు మూసుకుంటే ఇదే కనబడుతోంది.

శంషాబాద్ రోడ్డు మీద ఉదయభాస్కర్‌కు తుపాకుల దుకాణం ఉంది. గుంటూరు వైపు మనిషి. పాత తుపాకులు తన దగ్గర ఉంచుకుని, లైసెన్సున్న బేరం దొరికినప్పుడు అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటాడు. కందుకూరు రైతు ఒకాయన ఇలాంటిదే అడుగుతున్నాడని ఫోన్‌లో చెప్పాడు కూడా. చంద్రమ్మ సంబరంగా మొగుణ్ని వెంటేసుకుని పోయింది. ఉదయభాస్కర్ ముందుగా తుపాకిని నడుమ దగ్గర విరిచినట్టు మడిచి తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని చూసుకున్నాడు. తర్వాత లోపలి నెంబరు చూశాడు, లైసెన్సు పుస్తకం చూశాడు, మళ్లీ నెంబరు చూశాడు.

"కలవడం లేదండీ. పుస్తకంలో చివర పదిహేడుంది. దీని మీద పద్దెనిమిది."

"ఒక్కటే గద సారూ తేడా. జర సర్దుండ్రి" అంది చంద్రమ్మ.

"సర్దడానికి ఇదేమన్నా జాకెట్టు కొలతా అమ్మా? ఇది మీ తుపాకి కాదు. మీది కానిది అమ్మితే నా దుకాణానికి తాళం పడుతుంది."

చంద్రమ్మ మొగుడి వైపు తిరిగింది. సత్తయ్య గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. తప్పు చేసిన ప్రతిసారీ ఆయనకు క్యాలెండరు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది.

గట్టిగా నిలదీస్తే సంగతి బయటపడింది. రెండేళ్ల కింద ఎలక్షన్లప్పుడు లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పమన్నారు. ఎలక్షన్లయ్యాక తెచ్చుకోవడానికి పోతే అక్కడ పెంటయ్య కూడా ఉన్నాడు. వాడి మొహం చూసేదేమిటని సత్తయ్య తల తిప్పుకుని, చేతికందింది పట్టుకుని వచ్చేశాడు. కొడుకులిద్దరికీ తేడా ఉండొద్దని వాళ్ల నాయన ఒకే రోజు, ఒకే దుకాణంలో ఇప్పించిన తుపాకులవి. చూడటానికి ఒక్క తీరుగానే ఉంటాయి.

చంద్రమ్మకు ఒళ్లు మండిపోయింది. దసరా వస్తే ఆయుధపూజ కోసం తుపాకిని ఇత్తడి బిందెను తోమినట్టు చింతపండు పెట్టి తోమేది ఆమే. ఠాణాలో పడి ఉండి మసకబారిందనుకుని రెండు దసరాలు రెక్కలు పడిపోయేలా రుద్దింది. ఆ పసుపు కుంకుమలు, ఆ బంతిపూల దండ, అన్నీ పెంటయ్య తుపాకికా!

"అన్నదమ్ములిద్దరూ రావాలి, రెండు తుపాకులూ రావాలి. ఎవరిది వాళ్లకు తేలాకే అమ్మకం" అన్నాడు ఉదయభాస్కర్.

"అందాంక ఇది ఈడ్నే ఉంచుకో సారూ, నీ కాళ్లు మొక్కుత."

"నెంబరు కలవనిది గంట సేపు కూడా ఉంచుకోనమ్మా."

తుపాకి మళ్లీ ఇంటికొచ్చి గోడెక్కింది. చంద్రమ్మ ఇక మొగుణ్ని అడగలేదు. ఆ సాయంత్రమే గెట్టు దాటి పోయి పెంటయ్య భార్య రుక్మిణమ్మ ముందు కూర్చుంది.

"మా ఇంట్ల గూడ గదే లొల్లి అక్కా" అంది రుక్మిణమ్మ. "నేన్ తీస్కొస్త. రానంటే నేన్ గూడ మూట గడ్త."

మూడో రోజు పొద్దున నలుగురూ దుకాణంలో ఉన్నారు. అన్నదమ్ములు బెంచీకి చెరో కొసన కూర్చున్నారు. బల్ల మీది తుపాకిని పెంటయ్య ఓరగా చూశాడు, ఇంకోసారి చూశాడు, ఇక ఆగలేకపోయాడు.

"గిది నాదా? గింత మెరుస్తున్నదేంది! వదినె, నువ్వు తోమినవా?"

"తోమింది, తోమింది. రెక్కలు గుంజుతున్నయని నన్ను వారం రోజులు తిట్టింది" అన్నాడు సత్తయ్య, నోరు జారి. ఆ పైన నవ్వాడు. పెంటయ్యా నవ్వాడు. చాయ్ వచ్చేసరికి నాయన ముచ్చట మొదలైంది, చాయ్ అయ్యేసరికి ఇద్దరూ బెంచీ నడిమికి జరిగారు.

"నాయన ఇప్పిచ్చినయి, అమ్ముడేందిరా? ఎవలది వాళ్లం తీస్కపోదాం" అన్నాడు సత్తయ్య.

చంద్రమ్మకు నెత్తి బాదుకోవాలనిపించింది. ఇంత తిరిగింది ఇందుకా? మళ్లీ కల్లు తాగేదాకానైనా ఉంటుందా ఈ దోస్తానా?

"సరే, మీ ఇష్టం. నెంబరు రాసుకుని ఇచ్చేస్తాను" అని విసుక్కుంటూ ఉదయభాస్కర్ పెంటయ్య తెచ్చిన తుపాకిని సంచిలోంచి తీసి మడిచాడు. అలాగే ఆగిపోయాడు. ఆ తర్వాత రెండు గొట్టాల్లోంచీ రెండు ఎర్ర తూటాలు మెల్లగా లాగి, ఒకదాని పక్కన ఒకటి బల్ల అద్దం మీద నిలబెట్టాడు.

రుక్మిణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెంటయ్య తల వంచుకున్నాడు.

"నా కోసమేనారా?" అన్నాడు సత్తయ్య.

"నువ్వు దినాం తుపాకి వట్కొని గెట్టు మీద కూసుంటుంటివి గద అన్నా. నాకు భయమైంది."

"నా దాంట్ల తూటాలే లేవురా. ఎన్నడు పెట్టలే. నిన్ను బెదిరియ్యనీకి ఉత్తగ కూసున్న."

చంద్రమ్మ ఆ రెండు తూటాల వంక చూసింది. ఇన్నాళ్లూ ఎవరి చేతుల్లో ఎవరు పోతారని భయపడింది? మొగుడు కాలుస్తాడని నెలల తరబడి ఏడ్చిందేగానీ, ఆ గెట్టు మీద ఖాళీ తుపాకి పట్టుకుని కూర్చున్న ఈ తిక్క మనిషే పోయేవాడని ఒక్కనాడూ అనుకోలేదు. కోపం, ఏడుపు ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"సారూ, రెండు గూడ అమ్మకానికి రాస్కో" అంది.

కందుకూరు ఆయనకు ఒకటి చాలునని ఉదయభాస్కర్ అనబోయాడు. ఆమె మొహం చూసి మానుకుని కాగితాలు తీశాడు. పెంటయ్య సంతకం పెట్టాడు. సత్తయ్య పెన్ను పట్టుకున్నాడు గానీ చెయ్యి వణికి పేరు సగంలో ఆగిపోయింది. పెంటయ్య అన్న మణికట్టు పట్టుకుని నిలిపితే, మిగతా సగం రాశాడు.