పైకి లాగిన దారం

గుండుసూదిని పళ్ళ మధ్య పట్టుకుని, ఆయన గోడమీది అట్టకు ముఖం తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. ఎర్రదారం కొసను బిగలాగి కొత్త సూదికి చుట్టాడు. ఈసారీ కిందికే.

దుకాణాలకు బిల్లుల యంత్రాలు తయారుచేసి అమ్మే కంపెనీ అది. నూరు రూపాయలకు అమ్మితే యంత్రం ఖర్చు, సర్వర్ల అద్దె, కొన్నవాళ్ళ ఫిర్యాదులు వినే ఫోన్ల గది జీతాలు పోగా ఎంత మిగిలిందో మూడు నెలలకోసారి లెక్కగట్టి, ఆ మిగులు, ఆఫీసు మాటలో మార్జిన్, ఎంతో అంత ఎత్తులో ఆయన సూది గుచ్చుతాడు. కంప్యూటరు క్షణంలో గీసిపెట్టే గీతను చేత్తో దారంగా కట్టడం ఆయన పిచ్చి. మొదటి ఏళ్ళలో దారం మెట్లెక్కినట్టు ఎక్కింది. ఈమధ్య వేలాడుతోంది. ఆఫీసులో ఆయన్ని మార్జిన్‌గారు అంటారు, గౌరవంతో కాదు. అట్టవైపు ఎవరూ తలెత్తి చూడరు.

"ఏం బావా, మళ్ళీ దిగిందా? ఇంకాస్త దిగితే నా బూటుకి లేసు చేసుకుంటా."

బావమరిది టీ గ్లాసు బల్లమీద పెట్టాడు. ఫోన్ల గదిలో ఉద్యోగం. మెడలో హెడ్‌ఫోను, దాని చెవులకు పూలగుడ్డతో కుట్టిన తొడుగులు. రోజంతా పెట్టుకుంటే చెవులు కందిపోతున్నాయని వాళ్ళక్క, అంటే ఆయన భార్య, కుట్టి ఇచ్చింది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. వాడు ఎక్కడా కుదురుగా నిలవక, చివరికి ఇక్కడ నిలిచాడు. చేర్పించింది ఆయనే కాబట్టి, ఆ ఒక్క విషయంలో ఇంట్లో ఆయన మాటకు విలువుంది.

"పోరా, పోయి ఫోన్లు చూసుకో," అన్నాడు నవ్వుతూ.

కాసేపటికి కొత్త డైరెక్టరు అటు వెళ్తూ అట్ట ముందు ఆగింది. "ఇదేంటండీ? ఎందుకు పడుతోంది?"

ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. కుర్చీ జరిపి, గొంతు సవరించుకుని, ఒక్కో సూదీ చూపిస్తూ చెప్పుకొచ్చాడు.

"యంత్రాల ఖర్చు తగ్గిందండీ. సర్వర్ల అద్దె కాస్తే పెరిగింది. కానీ ఎప్పుడో అమ్మిన యంత్రాలకి కూడా ఫోన్లు వస్తూనే ఉంటాయి కదండీ. ఆ గది జీతాలే లాగేస్తున్నాయి. అవే లేకపోతే..." దారాన్ని గోటితో పైకి లాగి పట్టుకున్నాడు. "ఇదిగో, ఇక్కడుండేది."

ఆవిడ ఆ గోటివైపే చూసింది. "మీ జీతం ఇందులోకి వస్తుందా?"

"అబ్బే, రాదండీ. మాది దీని తర్వాత లెక్క," అన్నాడు గర్వంగా.

భోజనాలయ్యాక ఫోన్ల గదిలో మోతలు ఆగిపోయాయి. మనుషులకు బదులు ఫోన్లకు జవాబులు చెప్పే యంత్రం ఎప్పుడో సిద్ధంగా ఉందట, మేనేజర్లే తేల్చుకోలేక నాన్చారట. ఇవాళ తేల్చేశారు. ఆ గదిలోవాళ్ళందర్నీ ఉద్యోగాల్లోంచి తీసేసి, హెడ్‌ఫోన్లు అప్పగించి వెళ్ళమన్నారు.

సాయంత్రం బావమరిది వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. మెడ బోసిగా ఉంది.

"లెక్క నువ్వే చెప్పావట కదా బావా."

"అడిగిందిరా. ఉన్నదే చెప్పాను."

"తప్పని అనట్లేదులే." జేబులోంచి రెండు తొడుగులూ తీసి సూదుల డబ్బా పక్కన పెట్టాడు. "ఇవి కంపెనీవి కాదు కదా, ఊడదీసుకున్నా. అక్కకి నువ్వే చెప్పు. నా వల్ల కాదు."

వాడు మెట్లు దిగిపోయాడు. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది ఆయనకు. లెక్క తప్పయినా బాగుండేదనిపించింది, కానీ కాదు. మూడు నెలలు పోయాక సూది ఎక్కడ గుచ్చాలో ఇప్పుడే తెలుసు, ఆ గోరు ఆనిన చోటే. దారం పైకి లేస్తుంది. అందరూ చూస్తారు కూడా.

ఇంటికి వెళ్ళాలి. లేచి సంచీ భుజాన వేసుకున్నాడు, తొడుగులు తీసుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. దీపం ఆర్పి వెళ్ళిపోయాడు.

బల్లమీద ఆ రెండు పూలగుడ్డ తొడుగులూ ఇంకా చెవుల మీద ఉన్నట్టే గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి.