కిటికీ మంచం హద్దులు

ముసలాయన రొమ్ము మీది స్టిక్కర్లు ఒక్కొక్కటే పీకుతూ మోతక్క తిడుతూనే ఉంది. తిట్లు ఆయనకు కాదు, రాత్రి డ్యూటీ నర్సులకు. నిన్నటి స్టిక్కర్లు మార్చకుండా అలాగే వదిలేసిపోయారు. ఎండిన స్టిక్కరుకు గుండె చప్పుడు సరిగా అందదు. అందకపోతే మానిటర్ లేని ప్రమాదాన్ని ఊహించుకుని గగ్గోలు పెడుతుంది. ఆ గోల భరించలేక ఎవరో ఒకరు వచ్చి, మనిషి వంక చూడకుండా దాని నోరు నొక్కేసి పోతారు.

"చర్మం ఊడొస్తోంది తల్లీ," అన్నాడు ముసలాయన.

"ఊడితే మళ్ళీ వస్తుంది. కదలకు."

ఆమె పొట్టి మనిషి. వినేటప్పుడు మెడ ఒకపక్కకు వాలుతుంది. చేతులు కడిగి కడిగి వేళ్ళ సందులు పగిలిపోయాయి. ఏ మంచం దగ్గర అలారం మోగినా అందరికంటే ముందు పరిగెత్తుతుంది, పరిగెత్తుతూనే అందర్నీ దులిపేస్తుంది. ఎదురుగా ఉన్నప్పుడు అక్కా అనేవాళ్ళే వెనక మోతక్క అంటారు. ఆ పేరు ఆమెకు తెలుసు. పెట్టినవాళ్ళెవరో కూడా తెలుసు.

ఇంట్లోనూ శాంతి లేదు. మొగుడు పోయాక ఆమె, అత్తగారు ఒకరి ప్రాణానికి ఒకరు మిగిలారు. అత్తగారికి చెవుడు, టీవీ వీధి చివరిదాకా వినిపించాలి. పొద్దున ఆ గోల మీద తగువు పడి, గిన్నెలు ఎత్తి కుదేసి వచ్చింది. ఆ కోపం ఇంకా ముక్కు మీదే ఉంది.

వార్డులో అసలు గొడవ వేరు. అలారాల మోతకు నిద్ర కరువైందని రోగుల బంధువులు పైవాళ్ళకు చెప్పారు. అన్ని మానిటర్లకూ సౌండు తగ్గించేస్తే సరి అంది ఇన్‌ఛార్జి సిస్టర్. మోతక్క అడ్డం పడింది. సౌండు తగ్గిస్తే నిజం అలారం కూడా వినపడదు, గుండె ఎంతకు దిగితే మోగాలో, ఏ మనిషికి తగిన హద్దు ఆ మనిషికి పెడితే ఉత్త మోత దానంతటదే తగ్గుతుందని పట్టుపట్టింది. డాక్టరు సరే, చూద్దామన్నాడు. ఇన్‌ఛార్జికి తల కొట్టేసినట్టయింది.

"ఒక్క తేడా రానీ," అని అందరి ముందూ అంది. "నిన్ను దుప్పట్ల గదికి పంపించి, సౌండు నా చేత్తో నేనే తగ్గిస్తా."

కిటికీ పక్క మంచం మీది ఈ ముసలాయన ఒకప్పటి పోస్టుమాను. బతుకంతా సైకిలు తొక్కిన గుండె, నిద్రపోతే మరీ నెమ్మదిగా కొట్టుకుంటుంది. నిమిషానికి యాభై కంటే తగ్గిందంటే మానిటర్ కేక పెట్టేది, ఆయన ఉలిక్కిపడి లేచేవాడు. డాక్టరును అడిగి, ఆయన ఒప్పుకున్నాకే మోతక్క ఆ కింది హద్దును నలభైకి దించింది. అప్పట్నుంచి ముసలాయన గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. వార్డు మొత్తం మీద మోత సగానికి సగం తగ్గింది. ఒక్కరూ బాగుందనలేదు.

మధ్యాహ్నం పోస్టుమానును మామూలు వార్డుకు పంపేశారు. దుప్పటి మార్చీ మార్చకముందే అదే మంచానికి ఒక దర్జీ ఆవిడను తెచ్చారు. పెదవులు పాలిపోయి, మాట్లాడలేకుండా ఉంది. వెంట వచ్చిన చెల్లెలిని బయట కూర్చోబెట్టారు. మోతక్క రొమ్ము తుడిచి స్టిక్కర్లు అంటించింది, వైర్లు తగిలించింది, బీపీ పట్టీ చుట్టింది. ఇక మిగిలింది ఒక్కటే పని. మానిటర్లోంచి పాత మనిషి పేరు తీసేయాలి. తీసేస్తేనే హద్దులు మామూలుకు వస్తాయి. తెర మీదికి వేలు వెళ్ళింది కూడా.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గరి మంచం మోగింది. కొత్త నర్సు ఫోన్ చూసుకుంటూ వచ్చి, రోగి ముఖం చూడకుండానే మోత నొక్కేసింది. మోతక్క నిప్పు తొక్కినట్టు అటు తిరిగింది.

"కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే? మంచం మీదున్నది మనిషా, మూటా?"

తిట్టు పొడుగైంది. ఆ నర్సు ఏడిచేదాకా సాగింది. మోతక్క తిరిగి వచ్చేసరికి దర్జీ ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది, మానిటర్ నోరు మెదపడం లేదు. నిద్రపట్టిందిలే అనుకుని ఆమె పక్క మంచాల పని చూసుకుంది. వార్డు ఇంత ప్రశాంతంగా ఉండటం తన చలవేనని లోపల్లోపల పొంగిపోయింది. ఈలోగా తెర మీది అంకె యాభై దాటి కిందికి దిగింది, ఇంకా దిగింది. పోస్టుమానుకు అది నిద్ర. ఈవిడకు ప్రాణం పోవడం.

నలభై కూడా దాటాక మోగింది. అందరూ పరిగెత్తుకొచ్చారు. డాక్టరు వచ్చాడు, రొమ్ము మీద నొక్కారు, మందులెక్కించారు. చేయగలిగిందంతా చేశారు. దర్జీ ఆవిడ కళ్ళు తెరవలేదు.

డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే ఇన్‌ఛార్జి సిస్టర్ తెర వంక చూసింది. ఇంకా పోస్టుమాను పేరే ఉంది. మోతక్కను కర్టెన్ వెనక్కి లాగింది.

"అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట. ఏం, ఇప్పుడు తిట్టవేం?"

ఇన్‌ఛార్జి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"సరే, అయిందేదో అయింది. ఆవిడ ఎలాగూ దక్కేది కాదు. బయటికి పొక్కితే నీతోపాటు నా మెడకీ చుట్టుకుంటుంది. నోరు మూసుకున్నావా, నువ్వూ ఉంటావు, నీ హద్దులూ ఉంటాయి."

ఇన్నాళ్ళూ ఇన్‌ఛార్జి ఎన్ని తిట్టినా మోతక్కకు ఇంత అసహ్యం వేయలేదు. తను ఇప్పుడు నోరు మూసుకుంటే రేపు ఇంకొకరు ఇలాగే మరిచిపోతారు, ఇంకొకరు ఇలాగే పోతారు. ఆమె కర్టెన్ తోసేసి డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"పాత హద్దు మార్చకుండా వదిలేశాను. నేనే. ముందే మోగుంటే బతికేదేమో. కాదేమో. నాకు తెలీదు. ఆ చెల్లెలికి చెప్పాలి."

"నేను చెప్తాను," అన్నాడు డాక్టరు. కానీ ఆమె అప్పటికే తలుపు తీసింది.

చెల్లెలు మొత్తం విన్నది. విని లేచి, మోతక్క చెంప ఛెళ్ళుమనిపించింది. అడ్డం వెళ్ళినవాళ్ళు లేరు. ఎవరి మాటా పడని మనిషి, ఇంకో దెబ్బకు కూడా సిద్ధమైనట్టు తల వంచుకుని నిలబడింది. చెల్లెలు కొట్టలేదు. బెంచీ మీద కూలబడి గట్టిగా ఏడ్చింది.

సాయంత్రం కాకముందే మోతక్కను పంపేశారు. "విచారణ అయ్యేదాకా రావద్దు. ఆ తర్వాత కూడా ఈ వార్డుకు రావు," అంది ఇన్‌ఛార్జి. ఆ వెంటనే మొదటి మంచం దగ్గరికి వెళ్ళి సౌండు తగ్గించబోయింది.

"దాని మీంచి చెయ్యి తీయండి," అన్నాడు డాక్టరు. "హద్దులు మనిషిని బట్టే ఉంటాయి. మంచం ఖాళీ అయితే వాటంతటవే మామూలుకు వచ్చేలా మెకానిక్ చేత చేయించండి. ఈరోజే."

ఇన్‌ఛార్జి పళ్ళు కొరుకుతూ ఫోన్ అందుకుంది. మెకానిక్ వచ్చి, ఒక్కో మంచం దగ్గరా ఆగి, చీకటి పడేలోగా పని ముగించాడు.

డ్యూటీ మారే వేళకు నర్సులు గుమ్మం దగ్గర వార్డు చెప్పులు విడిచి, వీధి చెప్పులు తొడుక్కుని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వీధి చెప్పులు ఒక జత మిగిలిపోయాయి. మోతక్క వార్డు చెప్పులతోనే వీధిలోకి వెళ్ళిపోయినట్టుంది. ఏడ్చిన కొత్త నర్సు వాటిని కాలితో పక్కకు తోయబోయి, ఆగి, దాటుకుని వెళ్ళింది. మడమ దగ్గర ఒకవైపు అరిగి, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి ఉన్న ఆ చెప్పులు వార్డు వైపే ముఖం చేసి ఉన్నాయి.