కళ్లు తెరిపించే పెట్టె

సోమందేపల్లె హైవే దుమ్ముకి కెమెరాలంటే మహా ప్రేమ. జయంతి పొద్దున్నే స్టూడియో షట్టర్ ఎత్తి, నాయన పాత పంచె ముక్కతో బీరువాలోని కెమెరాలన్నీ తుడుస్తుంది. మధ్యాహ్నానికి మళ్లీ వాటి మీద వేలితో పేరు రాసుకోవచ్చు. నాయన శ్రీరంగప్ప పోయాక ఈ పనికి ఒక తోడు కూడా దొరికింది: ఎదురుగా కుర్చీ వేసుకుని తిట్టే అన్న కేశవ.

నాయన అన్నీ కొడుకు పేరనే పెట్టి పోయాడు. కొత్తగా లేస్తున్న హోటల్ వాళ్లు అలంకారానికి కెమెరాలన్నీ కలిపి కొంటామన్నారు. జయంతి అడ్డు చెప్పలేదు. ముక్కాలి మీది నల్ల పెట్టె కెమెరా ఒక్కటి తనకు వదలమంది. ఆమె బతుకు దాంతోనే. కేశవకు ఆ పెట్టె అక్కర్లేదు. ఆమెకు కావాలి కాబట్టి ఇవ్వకూడదు, అంతే.

ఆ పెట్టెది చావు పని. చుట్టుపక్కల ఎవరు పోయినా గోడకు ఆనించి కూర్చోబెట్టి, గడ్డం జారకుండా గుడ్డ కట్టి, దండ వేసి జయంతికి ఫోన్ చేస్తారు. ఫోటో ఆ పెట్టెలోనే తయారై కాసేపటికి బయటికొస్తుంది. అందులో పోయినవాళ్లు కళ్లు తెరిచి శుభ్రంగా చూస్తుంటారు. సెల్‌ఫోన్‌తో తీస్తే మూసిన కళ్లు మూసినట్టే ఉంటాయి మరి.

హోటల్ మేనేజరు వచ్చి, పెట్టె పనిచేస్తుందో లేదో చూపించమన్నాడు. ఊర్లో ఆవేళ ఎవరూ పోలేదని, సాక్షి సంతకానికి వచ్చిన సైకిల్ షాపు ఓబుళేసు విచారంగా చెప్పాడు. కేశవ తానే వెళ్లి పెట్టె ముందు కూర్చున్నాడు.

"నాయన దాని ముందర బతికినోళ్లను ఎప్పుడూ కూసోబెట్టలే. లెయ్ అన్నా."

"నాకు భయం పెట్టాకు మే. తియ్."

ఒకసారి చెప్పింది కదా. తీసింది.

ఫోటోలో కేశవ కళ్లు మూసుకున్నాడు. రెప్ప వేశాడేమోనని ఇంకోటి తీశారు. అదీ అంతే. ఓబుళేసు కేశవ వైపు చూడకుండా, పోయినోడి సంతకం చెల్లదని మేనేజరుకు చెప్పి పంపించేశాడు. తర్వాత జయంతిని అడిగాడు: "ఎప్పుడు ఎత్తుతారమ్మా?"

ఆ రోజు నుంచి కేశవ అరుపులకు ఊర్లో ఒక్క తల తిరగలేదు. అంగట్లో టీ పోయలేదు. బస్సులో అతని ఒళ్లోనే కూర్చోబోయారు. భార్య నాగలక్ష్మి ఏడ్చి ఏడ్చి, రాగిముద్ద విస్తరిలో పెట్టి గోడ మీద కాకులకు వేసింది. దానికోసం అతను కాకులతో కొట్లాడాడు.

చివరికి చెల్లెలి దగ్గరికే వచ్చాడు.

"ఇంకోటి తియ్. ఈసారి కండ్లు మూసుకుంటా."

మూసినవి తెరిపించడమే కదా దాని పని. జయంతి సరేనంది. అయితే శవానికి చేసేవన్నీ చేస్తేనే పెట్టె వింటుందని, గోడకు ఆనించి, దండ వేసి, గడ్డం కింది నుంచి గుడ్డ తీసి నెత్తిన బిగించి ముడేసింది. నిజమో కాదో ఆమెకే తెలియాల. ఓబుళేసును పిలిచి పక్కన నిలబెట్టింది.

"మూత మళ్లీ పెట్టేదాకా కదిలితే చెడిపోతాది. ఫోటో కాగితం ఇదొక్కటే ఉండాది," అని పెట్టె కంటి మీది మూత తీసింది. తీశాక నిదానంగా అడిగింది: "అన్నా, ఈ పెట్టె నాదే కదా? కాదంటే తల అడ్డంగా ఊపు."

కేశవ మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి. తల మాత్రం కదల్లేదు.

"చూసినా లేమ్మా," అన్నాడు ఓబుళేసు.

ఫోటోలో కళ్లు తెరుచుకునే వచ్చాయి. చెల్లెల్ని నమిలి మింగేటట్టు చూస్తున్నాయి. ఓబుళేసు ఆ ఫోటోను వెలుతురుకు పట్టి చూసి, గోడ వైపు తిరిగాడు.

"ఏమప్పా కేశవా, యాడికి పోయినావు ఇన్నాళ్లు?"